మాస్టారి పెన్సిల్ గుర్తులు ట్యాబ్‌లోకి వస్తాయా?

ప్రశ్న: నేను 27 ఏళ్లుగా పియానో వాయిస్తున్నాను. ఒక క్వాయర్‌కి, అంటే కలిసి పాడే బృందానికి, తోడుగా కూడా వాయిస్తాను. మా బృందంలో ఇప్పుడు నేనూ, ఇంకో పెద్దాయనా తప్ప అందరూ ట్యాబ్ పెట్టుకునే వాయిస్తున్నారు. మొన్న మా అబ్బాయి నాకూ ఒకటి కొనిచ్చాడు. 11 అంగుళాల ఆండ్రాయిడ్ ట్యాబ్. నెల రోజులుగా అది పెట్టెలోనే ఉంది. నా పుస్తకాల్లో మా మాస్టారు స్వయంగా పెన్సిల్‌తో వేసిన వేళ్ల నంబర్లున్నాయి, ఏ స్వరాన్ని ఏ వేలితో నొక్కాలో చెప్పేవి. ఆయన ఇప్పుడు లేరు. ఆ రాతలు ట్యాబ్‌లోకి వస్తాయా? వాయిస్తూ ఉండగా మధ్యలో తెర ఆగిపోతే నేనేం చెయ్యాలి? అసలు 54 ఏళ్ల వయసులో ఇప్పుడు మారడం అవసరమా? (ఒక పాఠకురాలు)

సమాధానం: మీరు అడిగినవి మూడు ప్రశ్నలైనా, మీ బెంగంతా మాస్టారి రాతల మీదే ఉందని ఉత్తరం చదువుతుంటే తెలిసిపోయింది. అందుకే ముందు అదే చెబుతాను. వస్తాయి. ఒక్క అంకె కూడా పోకుండా వస్తాయి. కాకపోతే స్కాన్ చేసేటప్పుడు ఒక పొరపాటు జరగకుండా చూసుకోవాలి. ఆ పొరపాటు నేను చేశాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

స్కానర్లలోనూ, ఫోన్‌లోని స్కానింగ్ యాప్‌లలోనూ బ్లాక్ అండ్ వైట్ అని ఒక పద్ధతి ఉంటుంది. అచ్చు పేజీకి అది చూడముచ్చటగా ఉంటుంది. కాగితం తెల్లగా మెరుస్తుంది, గీతలూ స్వరాలూ కాటుకతో దిద్దినట్టు వస్తాయి. కానీ ఆ పద్ధతిలో యంత్రం ప్రతి చుక్కనీ నలుపో తెలుపో తేల్చేస్తుంది. మధ్యరకానికి చోటుండదు. ఏళ్ల నాటి పెన్సిల్ రాత లేత బూడిద రంగులోకి దిగిపోయి ఉంటుంది కదా, అది తెలుపు కింద జమైపోతుంది. నేను 40 పేజీలు అలాగే స్కాన్ చేసుకుని, పని అయిపోయిందని పుస్తకం అటకెక్కించాను. వారం తర్వాత ఒకచోట చెయ్యి ఎప్పుడూ లేనిది తడబడుతోంది. పుస్తకం కిందికి దించి చూస్తే, ఎఫ్ షార్ప్ మీద మా గురువుగారు వేసిన 4 అక్కడే ఉంది. తెర మీద మాత్రం లేదు. అది ఒక్కటే కాదు, ఆ పేజీలోనే 6 అంకెలు పోయాయి. 40 పేజీలూ మళ్లీ చెయ్యాల్సి వచ్చింది.

కాబట్టి గ్రేస్కేల్‌లో (బూడిద ఛాయలన్నీ నిలిపే పద్ధతి) గానీ కలర్‌లో గానీ స్కాన్ చెయ్యండి, అంగుళానికి 300 చుక్కల చొప్పున. మాస్టారు ఎర్ర పెన్సిలో నీలం పెన్సిలో ఎక్కడైనా వాడి ఉంటే కలరే పెట్టండి. ఫైలు బరువు పెరుగుతుంది, పెరగనివ్వండి. స్కానింగ్ యాప్‌లు తమంతట తాము పేజీని శుభ్రం చేసే ఫిల్టర్ ఒకటి వేస్తుంటాయి. దాన్ని తీసేయండి, అది కూడా పెన్సిల్‌ని మరకగానే చూస్తుంది. ఫోన్‌తో తీసేటట్టయితే పగటి వెలుతురులో, కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా తీయండి. పుస్తకం మధ్య మడత దగ్గర పేజీ వంగి, గీతలు కూడా వంగి వస్తాయి. ఇంకొకరి చేత అంచులు నొక్కి పట్టించుకోండి. పేజీలు సాఫీగా వస్తాయని బైండింగ్ కోసేసేవాళ్లున్నారు. మీ పుస్తకానికి మాత్రం ఆ పని చెయ్యకండి.

ఇందులో ఒక లాభం కూడా ఉంది. మాస్టారి రాత స్కాన్‌లో బొమ్మతో కలిసిపోయి ఉంటుంది, దాన్ని ఎవరూ చెరపలేరు. మీరు కొత్తగా రాసేది దాని మీద వేరే పొరలా కూర్చుంటుంది. కావాలంటే చూపించుకోవచ్చు, వద్దంటే దాచుకోవచ్చు. కాగితం మీద ఆయన 4 పక్కన మీ 3 రాయడానికి మీకు చెయ్యి వచ్చేది కాదేమో, ఇక్కడ ఆ మొహమాటం అక్కర్లేదు.

అరలో ఉన్నదంతా ఒకేసారి స్కాన్ చెయ్యాలని మాత్రం కూర్చోకండి. ఉత్సాహంగా మొదలుపెట్టి 200 పేజీల దగ్గర విసిగిపోయి, ట్యాబ్‌ని మళ్లీ పెట్టెలో పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. వచ్చే రెండు నెలల్లో మీరు వాయించబోయేవి మాత్రమే చెయ్యండి. తక్కినవి అవసరం వచ్చినప్పుడు. పాత రచనలకు ఎలాగూ పెట్రూచీ మ్యూజిక్ లైబ్రరీ ఉంది. ఐఎంఎస్ఎల్‌పీ అని అందరూ పిలిచేది దాన్నే. 1501లో వెనిస్‌లో కదిలే అచ్చులతో బహుస్వర సంగీతాన్ని, అంటే వేర్వేరు గొంతులు ఒకేసారి సాగేదాన్ని, మొదటిసారి ముద్రించిన పెట్రూచీ పేరు పెట్టుకుని 2006లో మొదలైంది. కాపీహక్కు తీరిపోయిన రచనల పీడీఎఫ్‌లు కుప్పలుగా ఉంటాయి. ఏది స్వేచ్ఛగా వాడుకోవచ్చన్నది దేశాన్ని బట్టి మారుతుంది కాబట్టి, దించుకునే ముందు ఆ పేజీలో రాసింది చదవండి. ఇంకోమాట, మీకు బాగా అలవాటైన రచనకి అక్కడ దొరికే వేరే ప్రచురణ వాడకండి, మీ పుస్తకాన్నే స్కాన్ చేసుకోండి. ఎందుకో చెబుతాను.

ఏళ్ల తరబడి ఒకే పుస్తకంలో వాయించినవాళ్లకి సంగీతం చెవిలోనే కాదు, కంట్లో కూడా ఉంటుంది. ఆ కష్టమైన పరుగు కుడి పేజీలో కింద నుంచి రెండో వరుస అని మీకు తెలుసు. మీరు అనుకోకుండానే కన్ను ముందే అక్కడికి వెళ్లి కూర్చుంటుంది. ట్యాబ్‌లో కుడి పేజీ, ఎడమ పేజీ అనేవి లేవు. అన్ని పేజీలూ ఒకేచోట వచ్చి నిలబడతాయి. మొదటి నెలలో ఇబ్బంది పెట్టేది ఇదే. చాలామంది తెర వెలుతురు పడలేదనీ, కళ్లు లాగుతున్నాయనీ అంటారు గానీ, నిదానంగా అడిగితే బయటపడేది ఈ చోటు తప్పిపోయిన భావమే. దానికి తోడు ప్రచురణ కూడా మారిపోయి, వరుసలు వేరేచోట విరిగితే ఉన్న కాస్త ఆసరా కూడా పోతుంది. అందుకే పాత పుస్తకం స్కానే మేలు.

తెర సైజు దగ్గరికొద్దాం. మీ అబ్బాయి ప్రేమగా కొన్నది, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ లెక్క మీకు తెలియాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లు ఎక్కువగా 16:10 కొలతలో, సన్నగా పొడుగ్గా ఉంటాయి. 11 అంగుళాలంటే మూల నుంచి మూలకి. నిలువుగా పెడితే వెడల్పు 5.8 అంగుళాలే. ఏ4 కాగితం వెడల్పు 8.27. అంటే స్వరాలు అసలు సైజులో 70 శాతానికి తగ్గుతాయి. పియానో పుస్తకాలు చాలావరకు ఏ4 కన్నా కొంచెం పెద్దవే కాబట్టి ఇంకాస్త చిన్నగానే కనిపిస్తాయి. దీనికి మొదటి మందు క్రాప్ చెయ్యడం. పేజీ చుట్టూ ఉన్న తెల్ల అంచు కోసేస్తే 80 శాతం దాకా తిరిగొస్తుంది. ప్రతి మంచి యాప్‌లోనూ ఆ సదుపాయం ఉంటుంది. కోసేటప్పుడు అడుగున ఉన్న పెడల్ గుర్తులు, పైన వేగం చెప్పే టెంపో మాట తెగిపోకుండా చూసుకోండి.

రెండోది, ట్యాబ్‌ని అడ్డంగా పెట్టడం. అప్పుడు వెడల్పు 9 అంగుళాలు దాటుతుంది, స్వరాలు కాగితం కన్నా పెద్దగా కనిపిస్తాయి. కాకపోతే ఒకసారికి అర పేజీ చొప్పునే వస్తుంది, తిప్పడాలు రెట్టింపవుతాయి. ఇంట్లో సాధనకి ఇది హాయి. రెండు మూడు నెలలు ఇలా వాడి చూశాక, ఇది నాకు కుదిరింది అనిపిస్తే అప్పుడు పెద్దది కొనుక్కునే సంగతి ఆలోచించండి. 4:3 కొలతలో 2024 దాకా వచ్చిన 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో, 16:10 కొలతలో ఉన్న 14.6 అంగుళాల గెలాక్సీ ట్యాబ్ అల్ట్రా, రెండిటి వెడల్పూ దాదాపు 7.7 అంగుళాలే. అంచులు కోస్తే రెండిటి మీదా స్వరాలు ఇంచుమించు కాగితం సైజులోనే ఉంటాయి. సంఖ్య చూసి రెండోది చాలా పెద్దదని అనుకోకండి, అది పొడుగు మాత్రమే ఎక్కువ. యాప్ విషయానికొస్తే ఆండ్రాయిడ్‌లో మొబైల్‌షీట్స్, ఆపిల్ వాటిలో ఫోర్‌స్కోర్ ఎక్కువమంది వాడుతున్నవి. రెండూ నమ్మకమైనవే.

ఇక నేను ఎక్కువగా చెప్పదలచుకున్నది పేజీ తిప్పడం గురించి. కాగితం నుంచి ట్యాబ్‌కి మారడంలో కష్టమూ సుఖమూ రెండూ ఇక్కడే ఉన్నాయి. పియానో వాయించేవాళ్లకి చెయ్యి ఖాళీ ఉండదు. అచ్చు పుస్తకాల్లో పేజీ చివర వీ.ఎస్. అని రెండక్షరాలు చూసే ఉంటారు, వోల్టీ సూబితో, వెంటనే తిప్పు అని. ఎడమ చెయ్యి ఒక స్వరం వదిలేసి, అంచు పట్టుకుని లాగి, రెండు కాగితాలు కలిసి వచ్చాయేమో అని గుండె ఆగి, మళ్లీ మీటల మీద పడే ఆ అర సెకను మీకు నేను కొత్తగా వర్ణించక్కర్లేదు. ట్యాబ్‌తో ఆ పని కాలికి అప్పజెప్పవచ్చు. బ్లూటూత్ పెడల్ అని దొరుకుతుంది. ట్యాబ్ దాన్ని చిన్న కీబోర్డుగా గుర్తిస్తుంది, నొక్కినప్పుడల్లా బాణం మీట నొక్కినట్టు భావించి పేజీ ముందుకు జరుపుతుంది. ట్యాబ్ పెట్టె విప్పినరోజే పెడల్ కూడా తెప్పించుకోండి. వేలితో తెర తాకి తిప్పడం కాగితం తిప్పడం కన్నా తేలికే గానీ, చెయ్యి మీటల మీద నుంచి లేవక తప్పదు కదా.

పియానో దగ్గర కాళ్ల కింద అప్పటికే పెడళ్లున్నాయి. కుడి పాదం స్వరాన్ని నిలిపి ఉంచే సస్టెయిన్ పెడల్ మీద ఉంటుంది, దాన్ని కదపకండి. పేజీ పెడల్‌ని, ధ్వని తగ్గించే సాఫ్ట్ పెడల్‌కి ఎడమ పక్కన, పాదం సహజంగా ఆనే కోణంలో పెట్టండి. మడమ నేల మీదే ఉండాలి, ముందు భాగం మాత్రమే కదలాలి. కాలు మొత్తం ఎత్తి నొక్కితే వెన్ను కదిలి, ఆ కుదుపు చేతుల్లోకి వస్తుంది. నున్నటి నేల మీద పెడల్ జారిపోతుంది, కింద రబ్బరు గుడ్డ ముక్క వేయండి. కార్యక్రమానికి ఏ చెప్పులు వేసుకుంటారో వాటితోనే సాధన చెయ్యండి. ఉత్త కాళ్లతో నేర్చుకుని, చెప్పులతో నొక్కితే కాలికి మీట ఆనదు. కొన్ని పెడళ్లలో కాలు పెట్టి ఉంచేస్తే రెండో పేజీ కూడా తిరిగిపోతుంది. ఒకసారి ఒక నెమ్మదైన పాట ముగింపులో నాకు అలాగే జరిగి, చివరి 4 బార్లు (బారు అంటే రెండు నిలువు గీతల మధ్య ఉన్న స్వరాల ముక్క) గుర్తున్నంత మేరకు వాయించి గట్టెక్కాను. తాకి వదిలెయ్యాలి. అలా వరుసగా తిరగకుండా ఆపే సెట్టింగ్ మీ పెడల్‌లోనో యాప్‌లోనో ఉందేమో కూడా చూడండి.

తర్వాత, ఎప్పుడు నొక్కాలి? కాగితం తిరగడానికి కొంత సమయం పడుతుంది, ఆ కొంతసేపూ రెండు పేజీలూ సగం సగం కనిపిస్తాయి. తెర అలా కాదు, టక్కున మారిపోతుంది. చూపు ఒక బారు ముందు నడిచే మనలాంటివాళ్లకి ఇది మొదట్లో భయపెడుతుంది. ముందు నొక్కితే ఇంకా వాయించాల్సిన బారు మాయమవుతుంది, ఆలస్యంగా నొక్కితే రాబోయేది కనపడదు. దీనికి అర పేజీ తిప్పడం అనే పద్ధతిని వెతికి ఆన్ చెయ్యండి. మీరు పేజీ కింది సగంలో ఉండగా పెడల్ తాకితే పై సగంలో మాత్రమే కొత్త పేజీ వస్తుంది, కింది సగం మీ పాత పేజీయే. తీరిగ్గా ముగించి పైకి చూస్తే తర్వాతి వరుసలు సిద్ధంగా ఉంటాయి. కొత్త పేజీ పై సగం వాయిస్తూ ఇంకోసారి తాకితే కింది సగం కూడా మారుతుంది. ఒక పేజీకి రెండు తాకుడులు, కానీ ఏదీ ఖచ్చితంగా ఈ క్షణంలోనే అన్న ఒత్తిడి ఉండదు. నేను ట్యాబ్‌తో స్థిమితపడింది ఇది కనిపెట్టాకే.

డా కాపో (మళ్లీ మొదటి నుంచి), డాల్ సెన్యో (మళ్లీ గుర్తు పెట్టిన చోటి నుంచి) లాంటివి వచ్చినప్పుడు వెనక్కి 3 పేజీలు ఎలా పోవాలని మీరు అడగలేదు గానీ, క్వాయర్ పాటల్లో తప్పకుండా ఎదురవుతుంది. యాప్‌లలో దీనికి లింకులు పెట్టుకునే వీలుంది. తెర మీద ఒక చుక్క తాకితే వెళ్లాల్సిన చోటికే వెళ్తుంది. నేను మాత్రం అంతకన్నా తేలికైన పని చేస్తాను. తిరిగి వాయించాల్సిన పేజీలను పీడీఎఫ్‌లో ఇంకోసారి చేర్చేసుకుంటాను. పాట మొదటి నుంచి చివరిదాకా కాలు ముందుకే నొక్కుతుంది, వెనక్కి వెళ్లే పనే లేదు. 4 చరణాలున్న పాటకి కూడా ఇలాగే చేసుకోవచ్చు.

తెర మీద రాసుకోవడానికి స్టైలస్ కావాలి. మీ ట్యాబ్ ఎలాంటి పెన్నుని ఒప్పుకుంటుందో అబ్బాయిని కనుక్కోమనండి. లావు రబ్బరు మొనది వద్దు, స్వరం పక్కన అంకె రాయబోతే బారంతా నిండిపోతుంది. సాధన మధ్యలో నిర్దేశకులు గబగబా చెప్పేవి రాసుకోవడానికి నిజం చెప్పాలంటే ఇప్పటికీ పెన్సిలే వేగం. యాప్‌లో రాసే పద్ధతిలోకి వెళ్లి, రంగు ఎంచుకుని రాసేసరికి వాళ్లు తర్వాతి బారుకి వెళ్లిపోతారు. ముందే ఒకటి రెండు రంగులు సిద్ధంగా పెట్టుకుంటే కొంత నయం. ముఖ్యమైన సంగతి, మీరు రాసినవి యాప్ తన దగ్గరే దాచుకుంటుంది, అసలు పీడీఎఫ్‌లో ఉండవు. పీడీఎఫ్‌ని ఇంకోచోట కాపీ చేసుకున్నంత మాత్రాన రాతలు భద్రమనుకోవద్దు. యాప్‌లోనే బ్యాకప్ అని ఉంటుంది, నెలకోసారి అది తీసి ట్యాబ్ బయట ఎక్కడైనా దాచండి.

మధ్యలో తెర ఆగిపోతే అన్నారు. ఆగిపోయే కారణాల్లో ఎక్కువ భాగం మన చేతిలో ఉన్నవే. తాకకుండా కాసేపు ఉంటే తెర ఆరిపోయే సమయాన్ని పూర్తిగా తీసేయండి. పాటల మధ్య ఎవరి ప్రసంగమో 10 నిమిషాలు సాగితే మీ తెర నిద్రపోకూడదు. వెలుతురు దానంతటది మారే సెట్టింగ్ కూడా తీసేసి, ఒకచోట నిలపండి. ఫ్లైట్ మోడ్ పెట్టి, ఆ తర్వాత బ్లూటూత్ ఒక్కదాన్నే ఆన్ చెయ్యండి. మెసేజ్‌లు రావు, పెడల్ మాత్రం పనిచేస్తుంది. ఒక కార్యక్రమంలో నా పక్కన వాయిస్తున్న ఆవిడ తెర మీద, సరిగ్గా సోలో ఎత్తుకోబోతుండగా, ఫోన్ కాల్ పెట్టె వచ్చి పై రెండు వరుసలు మూసేసింది. కార్యక్రమం వారంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లు ఏవీ చెయ్యకండి, ఎంత అడిగినా. పాటలు క్లౌడ్‌లో కాకుండా ట్యాబ్‌లోనే దిగి ఉన్నాయా అని ఇంటి దగ్గరే నెట్ ఆపి తెరిచి చూసుకోండి. మీ బృందంలో దాదాపు అందరూ ట్యాబ్‌లతోనే వాయిస్తున్నారన్నారు, వాళ్లకీ పెడళ్లుండవచ్చు కాబట్టి, మీది మీ ట్యాబ్‌కే కలిసిందో లేదో కూర్చోగానే ఒకసారి నొక్కి చూడండి. పెడల్ బ్యాటరీ సంగతి అందరూ మర్చిపోతారు, మీరు మర్చిపోకండి.

ఆరుబయట ఎండలో అయితే నేనే ట్యాబ్ వద్దంటాను. తెర అద్దంలా మెరుస్తుంది, పైగా వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. ఐప్యాడ్ వాడకానికి కంపెనీ చెప్పిన గరిష్ఠ వేడి 35 డిగ్రీలు. ఆరోజు కాగితమూ, దాన్ని పట్టి ఉంచే క్లిప్పులే దిక్కు. లోపల వాయించేటప్పుడు కూడా మొదటి 5, 6 కార్యక్రమాలకి కాగితాలు సంచిలో తీసుకెళ్లండి. బయటికి తీసే అవసరం రాదనే అనుకుంటున్నాను, కానీ అవి పక్కనే ఉన్నాయని తెలిస్తే చేతులు స్థిమితంగా ఉంటాయి.

చివరిగా, మారడం అవసరమా అన్నారు. క్వాయర్ కోసమైతే అవసరమనే చెబుతాను. పాటల వరుస ఆఖరి నిమిషంలో మార్చే చోట, 30 కాగితాలు వెతుక్కోవడం కన్నా తెర మీద పేర్లు అటూఇటూ జరపడం ఎంతో సుఖం. పేరున్న బృందాలకీ ఇది కొత్తేం కాదు. బొరోమియో స్ట్రింగ్ క్వార్టెట్ అనే నలుగురు తీగవాద్యకారుల బృందం వాళ్లు ల్యాప్‌టాప్‌లు, కాలి పెడళ్లతో వాయించే పద్ధతి పెట్టుకున్నారు. తమ ఒక్క వాద్యం భాగమే కాకుండా నలుగురిదీ కలిపి ఉన్న స్కోరు చూస్తూ వాయించడానికి అది వాళ్లకి వీలు కల్పించింది. 2012లో బ్రసెల్స్ ఫిల్హార్మోనిక్ మొత్తం ఆర్కెస్ట్రా ట్యాబ్‌లతో వాయించి చూసింది. మీకైతే పాడేవాళ్ల గొంతులన్నీ మీ పేజీ మీదే కనిపిస్తాయి, ఎన్ని పేజీలైనా తిప్పే భారం కాలిదే. కానీ మాస్టారి పుస్తకంలో ఉన్న ఆ సోలో రచనలను, ఇంట్లో మీ కోసం మీరు వాయించుకునేటప్పుడు, పుస్తకంలోనే వాయించుకోండి. రెండూ సాగవచ్చు. నేను అలాగే చేస్తున్నాను. మీ బృందంలో ఆ పెద్దాయనకి కాగితమే హాయిగా ఉంటే ఆయన్ని కూడా ఎవరూ తొందరపెట్టకుండా చూడండి.

ఈ వారం పెట్టె విప్పి, బాగా వచ్చిన క్వాయర్ పాట ఒకటి, 3 పేజీలు దాటనిది, ఎక్కించుకోండి. వాయించడం మీద కాకుండా కాలి మీదే ధ్యాస పెట్టి రోజుకి 10 నిమిషాలు చెయ్యండి. రెండు వారాలయ్యాక మాస్టారి పుస్తకం తీయండి. మొదటి పేజీ గ్రేస్కేల్‌లో స్కాన్ చేసి, తెర పక్కనే పుస్తకం తెరిచి పెట్టుకుని, ఒక్కో అంకె మీద వేలు పెట్టి సరిచూసుకోండి. అన్నీ వచ్చాయని తేలాకే రెండో పేజీకి వెళ్లండి.